పెరటి కోళ్లను తొలిసారి బయటకు వదులుతున్నారా? ఆ మొదటి సాయంత్రమే కీలకం!

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో పెరటి కోళ్లు కొత్తేమీ కాదు. అయితే ఇప్పుడు చాలామంది హేచరీ నుంచి వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చి పెంచుతున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది. గద్ద కనిపిస్తే తల్లికోడి అరుస్తుంది, పిల్లల్ని రెక్కల కింద దాచుకుంటుంది. పొద్దుగూకితే గూటికి తీసుకుపోతుంది. డబ్బాలో వచ్చిన పిల్లలకు ఇవి నేర్పేవాళ్లే ఉండరు. అందుకే వారాల తరబడి కష్టపడి పెంచిన పిల్లలు బయటకు వదిలిన మొదటి రోజే దక్కకుండా పోతుంటాయి.

ఎప్పుడు వదలాలి?

ఈ రెండు రకాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవే. మొదటి 6 వారాలు వీటిని లోపలే ఉంచాలి. మొదట్లో బల్బు వెచ్చదనం తప్పనిసరి. ఈకలు పూర్తిగా వచ్చాకే బయటకు వదలాలి. కొక్కెర తెగులు సోకితే మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మొదటి వారంలో వేసే లసోటా టీకాతోనే సరిపోదు. తర్వాతి డోసులు ఎప్పుడు వేయించాలో దగ్గర్లోని పశువైద్యశాలలో అడిగి తెలుసుకోవాలి.

పొద్దున కాదు.. సాయంత్రమే!

ముందుగా కొద్దిరోజులు పిల్లల్ని రాత్రి ఉండే గూట్లోనే ఉంచాలి. అదే తమ ఇల్లని వాటికి అలవాటు కావాలి. వదిలే రోజు మధ్యాహ్నం నుంచి మేత వేయొద్దు. చీకటి పడటానికి గంట ముందు తలుపు తీయాలి. ఆకలి మీద ఉంటాయి, పైగా వెలుతురు తగ్గుతుంది కాబట్టి దూరం పోవు. రోజూ ఒకేలా పిలుస్తూ గూట్లో నూకలు చల్లితే వాటంతటవే లోపలికి వస్తాయి. తర్వాత రోజుకు కొంచెం చొప్పున సమయం పెంచాలి. తలుపు వేసే ముందు లెక్కపెట్టడం మరవొద్దు.

ఈ ముప్పులతో జాగ్రత్త

పగలు గద్దలు, కుక్కలు, ముంగిసలు.. రాత్రి పిల్లులు. పెరట్లో పొదలో, బోర్లించిన గంపో ఉంటే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. గూటికి సన్న కన్నాల జాలీ బిగించాలి. ఆదిలాబాద్ వైపు ఇంటి పక్కనే పత్తి చేలు ఉంటాయి. మందు కొట్టిన రోజుల్లో కోళ్లను అటు పోనివ్వొద్దు. మందు పట్టించిన విత్తనాలు తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. ఎండాకాలంలో ఇక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీడ, చల్లటి నీళ్లు లేకుంటే వడదెబ్బ తప్పదు.

బాగా చూసుకుంటే ఒక్క గ్రామప్రియ పెట్ట ఏడాదికి 200 వరకు గుడ్లు పెడుతుంది. గద్ద ఎత్తుకుపోయేది ఒక్క పిల్లనే కాదు.. ఆ ఇంటి పిల్లలు తినాల్సిన గుడ్లను కూడా. అందుకే తొలి వారం రోజులు సాయంత్రం పూట ఇంట్లో ఒకరు పెరట్లో ఉండాల్సిందే.