రక్తపు మరక చెప్పు సాక్ష్యము

ఒక గ్రామములో హత్య జరిగినదని భావింపుడు. మరునాడు ఒకని యింట ఎఱ్ఱని మరకలు గల పంచె దొరికినది. “నిన్న పండుగకు కోడిని కోసితిని, అది కోడి రక్తము” అని అతడు చెప్పును. ఇరుగుపొరుగువారు నమ్మరు. అతని మాట నిజమో అబద్ధమో చెప్పగల సాక్షి ఆ పంచెపైననే యున్నది. కాని ఆ సాక్షికి నోరు లేదు. ప్రశ్నలను సరియైన వరుసలో అడిగిననే అది సమాధానము చెప్పును.

ఆ ప్రశ్నలు మూడు. ఇది రక్తమేనా? మనుష్యుని రక్తమేనా? ఎవరి రక్తము? ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము రక్తములోని ఒక్కొక్క పదార్థము వలన లభించును. కావున ముందుగా రక్తమున ఏమేమి యున్నవో తెలిసికొనవలెను.

రక్తములోని భాగములు

వయసు వచ్చిన మనుష్యుని శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. అందు సగముకంటె కొంచెము ఎక్కువ భాగము ప్లాస్మా అను లేత పసుపుపచ్చని ద్రవము. ఇది చాలవరకు నీరే. ఆ నీటిలో మాంసకృత్తులు, లవణములు, చక్కెర కరగియుండును. మిగిలిన భాగమంతయు కణములు.

కణములలో ఎక్కువ సంఖ్యలో నుండునవి ఎఱ్ఱ కణములు. ఒక ఘన మిల్లీమీటరు రక్తములో పురుషులకు సుమారు 50 లక్షలు, స్త్రీలకు సుమారు 45 లక్షలు ఉండును. ఒక్కొక్క కణము నడుమ నొక్కబడిన బిళ్ళవలె నుండును. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందు 7 లేక 8 భాగములు దాని వ్యాసము. ఇనుము గల హీమోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము దానిలో నిండియుండును. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును శరీరమంతటికిని మోయునది ఇదియే. ఎఱ్ఱ కణము సుమారు 120 దినములు బ్రతుకును. మనుష్యుని పక్వమైన ఎఱ్ఱ కణములో కేంద్రకముండదు. ఈ విషయము ముందు మనకు పనికివచ్చును.

తెల్ల కణములు ఘన మిల్లీమీటరుకు 4,000 మొదలు 11,000 వరకు ఉండును. ఇవి రోగక్రిములతో పోరాడును. వీనిలో కేంద్రకము కలదు. మూడవ రకమగు రక్తఫలకికలు గాయమైనచోట గుమిగూడి రక్తము గడ్డకట్టుటకు తోడ్పడును. గడ్డకట్టిన పిదప పైకి తేరు తేటద్రవమునకు సీరము అని పేరు.

మొదటి ప్రశ్న: ఇది రక్తమేనా?

ఆరిన రక్తము ఎఱ్ఱగా నుండదు. హీమోగ్లోబిన్ మార్పుచెంది గోధుమరంగునకు తిరుగును. అప్పుడు ఇనుపతుప్పు, తాంబూలపు మరక, కొయ్యకు పూయు రంగు, ఇవన్నియు కంటికి రక్తమువలెనే తోచును.

పాఠశాల ప్రయోగశాలలో క్షారములను గుర్తించుటకు వాడు ఫినాఫ్తలీన్ విద్యార్థులెల్లరు ఎరిగినదే. దానిని రసాయనచర్యచే వర్ణరహితముగా మార్చి, మరకనుండి తీసిన తడికాగితముపై ఒక చుక్క వేసి, వెంటనే హైడ్రోజన్ పెరాక్సైడు చుక్క వేయుదురు. రక్తమున్నచో క్షణములో గులాబిరంగు వచ్చును. హీమోగ్లోబిన్ లోని ఇనుము గల భాగము ఆ చర్యను వేగిరపరచుటయే ఇందుకు కారణము. దీనికి కాసిల్-మేయర్ పరీక్ష యని పేరు. కడిగివేసిన నేలపై సైతము రక్తపు జాడను చూపునది లూమినాల్. దానిని చల్లి దీపములార్పినచో రక్తమున్న తావు నీలముగా వెలుగును.

అయితే బంగాళాదుంప వంటి కొన్ని కూరగాయల రసము, కొన్ని లోహలవణములు కూడ ఇట్టి రంగును పుట్టింపగలవు. కనుక రంగు రానిచో అది రక్తము కాదని చాలవరకు చెప్పవచ్చును. రంగు వచ్చినచో రక్తము కావచ్చునని మాత్రమే చెప్పవలెను. రూఢిగా చెప్పుటకు వేరు పరీక్ష కావలెను. 1912లో జపాను శాస్త్రజ్ఞుడు తకయామ వెల్లడించిన పద్ధతిలో, మరకకు తగిన ద్రావణము కలిపి వేడిచేసినచో, హీమోగ్లోబిన్ నుండి ఏర్పడిన గులాబివన్నె స్ఫటికములు సూక్ష్మదర్శినిలో కనబడును.

రెండవ ప్రశ్న: మనుష్యునిదేనా?

కోడి ఎఱ్ఱ కణములు కోలగా నుండును. వానిలో కేంద్రకము కలదు. కాబట్టి తాజా రక్తమైనచో సూక్ష్మదర్శిని ఒక్కటియే కోడిని మనుష్యునినుండి వేరుపరుపగలదు. కాని మేక, గొఱ్ఱె, ఆవు, కుక్క, వీని ఎఱ్ఱ కణములలో మన కణములలో వలెనే కేంద్రకముండదు. వాని పరిమాణములలో భేదమున్నను, ఆరిన మరకలో కణములు ముడుచుకొని చెడిపోవును. అందుచే 19వ శతాబ్దాంతము వరకు ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానము లేకుండెను.

1901లో జర్మనీ దేశస్థుడగు పాల్ ఊలెన్ హూత్ దారి చూపెను. ఒక జంతువు సీరమును కుందేలునకు సూదిద్వారా ఎక్కించినచో, ఆ పరాయి మాంసకృత్తులను ఎదుర్కొను ప్రతిరక్షకములు కుందేలు రక్తములో పుట్టును. మనుష్య సీరమునకు అలవాటుపడిన కుందేలు సీరమును మరకనుండి తీసిన ద్రవముతో కలిపినచో, మనుష్య రక్తమైననే తెల్లని అవక్షేపము ఏర్పడును. గొఱ్ఱె రక్తమైనచో ఏర్పడదు. గొఱ్ఱె రక్తమును గుర్తించుటకు గొఱ్ఱె సీరముతో అలవాటుపడిన వేరొక కుందేలు కావలెను.

ఈ పరీక్షకు వెంటనే పని కలిగినది. 1901 జూలైలో జర్మనీలోని రూగెన్ దీవిలో ఇద్దరు బాలురు హత్య గావింపబడిరి. లుడ్విగ్ టెస్నో అను వడ్రంగిని అనుమానించిరి. బట్టలమీది మరకలు కొయ్యకు పూయు రంగు అని అతడు చెప్పెను. 1898లో మరియొకచోట ఇద్దరు బాలికల హత్యలో పట్టుబడినప్పుడును ఇదే మాట చెప్పి అతడు విడుదల పొందియుండెను. ఈ పర్యాయము బట్టలు ఊలెన్ హూత్ చేతికి వచ్చెను. కొన్ని మరకలు మనుష్య రక్తమనియు, కొన్ని గొఱ్ఱె రక్తమనియు ఆయన తేల్చెను. బాలుర హత్యకు కొన్ని వారములముందు అదే దీవిలో ఎవరో గొఱ్ఱెలను నరికి చంపియుండిరి. టెస్నోకు మరణశిక్ష విధింపబడినది. మూడేండ్లముందే ఈ పరీక్ష తెలిసియున్నచో ఆ బాలురు బ్రతికియుందురేమో!

ఈ పరీక్షకును ఒక హద్దు కలదు. మనుష్యునకు దగ్గరి బంధువులైన చింపాంజీ మున్నగు వానరముల రక్తము కూడ ఇందు స్పందించును. నేడు ప్రయోగశాలలలో మనుష్య హీమోగ్లోబిన్ ను నిమిషములలో గుర్తించు పట్టీలు వాడుకలో నున్నవి. వాని సూత్రమును ప్రతిరక్షకములపైననే ఆధారపడియున్నది.

మూడవ ప్రశ్న: ఎవరి రక్తము?

వియన్నాలో కార్ల్ లాండ్ స్టైనర్ 1901లో రక్తవర్గములను వెల్లడించెను. ఎఱ్ఱ కణముల పైపొరపై నుండు పదార్థములనుబట్టి ఏ, బి, ఓ అను వర్గములు తెలిసినవి. మరుసటియేట ఏబి వర్గము కనుగొనబడినది. 1930లో లాండ్ స్టైనర్ కు నోబెల్ బహుమతి లభించినది. ఎఱ్ఱ కణము పగిలిపోయినను, దాని పైపొరలోని ఈ పదార్థములు ఆరిన మరకలో నిలిచియుండును. 1915లో ఇటలీలో లియోన్ లాటెస్ ఎండిన మరకనుండి వర్గమును తెలిసికొను పద్ధతిని రూపొందించెను.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయవలెను. మరక బి వర్గమునకు చెందినది. హతుడును బి వర్గమువాడే. నిందితుడు ఓ వర్గమువాడు. పంచెపైనున్నది నిందితుని స్వంత రక్తము కాదని రూఢిగా చెప్పవచ్చును. మరి అది హతునిదే యని చెప్పవచ్చునా? ఆ గ్రామమున 3,000 మంది ఉండి, వారిలో 100 కి 30 మంది బి వర్గమువారైనచో, అట్టి రక్తము గలవారు 900 మంది. వర్గము కలియకపోవుట దృఢమైన సాక్ష్యము. కలియుట బలహీనమైన సాక్ష్యము. ఈ భేదమును మరచినచో నిర్దోషి శిక్షింపబడవచ్చును.

ఈ 900 మందిని ఒక్కరిగా కుదించునది డి.ఎన్.ఏ. ఇది కేంద్రకములో నుండును. ఎఱ్ఱ కణమున కేంద్రకము లేదు గనుక రక్తపు మరకలోని డి.ఎన్.ఏ. తెల్ల కణములనుండి లభించును. 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయములో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని కనుగొనెను. ఆ ప్రాంతముననే 1983లోను, 1986లోను ఇద్దరు బాలికలు హత్యకు గురియైరి. పదునేడేండ్ల కుఱ్ఱవాడొకడు రెండవ నేరమును ఒప్పుకొనెను. జెఫ్రీస్ పరీక్షించి చూడగా, మృతదేహములపై లభించిన డి.ఎన్.ఏ. రెండుచోట్లను ఒక్కనిదేయనియు, అది ఆ కుఱ్ఱవానిది కాదనియు తేలినది. పిమ్మట సుమారు 5,000 మంది పురుషుల రక్తమును, లాలాజలమును సేకరించిరి. తనకు బదులు మరియొకనిచే రక్తమిప్పించి తప్పుకొనజూచిన అసలు నేరస్థుడు 1987లో పట్టుబడి, 1988లో యావజ్జీవ శిక్ష పొందెను. ఈ పద్ధతి మొదట కాపాడినది, నేరమును తానే ఒప్పుకొన్న ఒక నిర్దోషిని!

మన దేశములో ఈ విద్యకు పునాది వేసినది హైదరాబాదు. అచ్చటి కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో లాల్జీ సింగ్ 1980వ దశకపు చివర దేశీయ పద్ధతిని రూపొందించెను. తరువాత ఆ నగరముననే డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రము ప్రత్యేకముగా వెలసినది. నేడు కంటికి ఆనని మరకలోని డి.ఎన్.ఏ.ను సైతము ప్రయోగశాలలో కోట్లరెట్లు పెంచి, సుమారు 20 చోట్ల పోల్చి చూడవచ్చును. ఒకేరూపు కవలలు తప్ప, ఇద్దరు మనుష్యులకు అవన్నియు ఒక్కతీరున నుండుట అత్యంత అరుదు.

సాక్షిని కాపాడుట

ఎంత గొప్ప పరీక్షయైనను మరక చెడినచో వ్యర్థమే. తడిబట్టను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టినచో సూక్ష్మజీవులు దానిని కుళ్ళింపజేయును. కనుక మరకను నీడలో ఆరబెట్టి, కాగితపు సంచిలో నుంచి, ముద్రవేసి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వెళ్ళినదో వ్రాసియుంచవలెను. ఒకే చేతితొడుగులతో రెండు వస్తువులను ముట్టినచో ఒకరి డి.ఎన్.ఏ. మరియొకరి బట్టకు అంటవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షకు తగిన నేరములలో శాస్త్రనిపుణుడు స్వయముగా నేరస్థలమునకు పోయి ఆధారములు సేకరించు ఏర్పాటును నిర్దేశించుచున్నది. దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువు ఈయబడినది.

ఇక ఆ పంచె సంగతి. పరీక్షలో అది కోడి రక్తమేయని తేలినచో అతని మాట నిజమైనది. ఇరుగుపొరుగువారి అనుమానముకంటె ఆ మరకయే న్యాయము చేసినది. అది హతుని రక్తమని తేలినను, విచారణ ముగియలేదు. గాయపడినవానిని లేవనెత్తబోయిన వాని బట్టకును రక్తము అంటును. రక్తము ఎవరిదో మరక చెప్పగలదు. అది అక్కడికి ఎట్లు, ఎప్పుడు వచ్చినదో ఈ మూడు పరీక్షలును చెప్పజాలవు. ఆ మిగిలిన ప్రశ్నకు ఇతర సాక్ష్యములతో కలిపి సమాధానము వెదకుట న్యాయస్థానపు పని.