కుండీలో స్ట్రాబెర్రీ: పండు తినడానికి, ఆకు కషాయానికి

స్ట్రాబెర్రీ పండు మీద చుక్కల్లా కనిపించే గింజలను చాలామంది విత్తనాలనుకుంటారు. వృక్షశాస్త్రం ప్రకారం అసలైన కాయలు అవే. ఒక్కో దానిలో ఒక్కో విత్తనం ఉంటుంది. మనం తినే ఎర్రని గుజ్జు నిజానికి పువ్వు అడుగున ఉండే పుష్పాసనం. గింజల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ వల్ల అది ఉబ్బి పండులా మారుతుంది. గింజలను తీసేస్తే గుజ్జు పెరగదని, వాటికి బదులు ఆక్సిన్ పూస్తే మళ్లీ పెరుగుతుందని 1950లో నిచ్ అనే శాస్త్రవేత్త ప్రయోగంతో చూపాడు.

ఇంట్లో పెంచేవారికి ఈ విషయం ఎంతో ఉపయోగపడుతుంది. పరాగ సంపర్కం సరిగా జరగని వైపు గింజలు ఎదగవు. అక్కడ గుజ్జు కూడా పెరగదు కాబట్టి పండు వంకరగా తయారవుతుంది. తేనెటీగలు రాని బాల్కనీలో పూసిన పువ్వులను మెత్తని కుంచెతో సున్నితంగా తాకితే పండు గుండ్రంగా వస్తుంది.

నేడు సాగులో ఉన్న స్ట్రాబెర్రీ ఉత్తర అమెరికా, చిలీ జాతుల కలయికతో 18వ శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన సంకరం. దీనికి చల్లని వాతావరణం కావాలి. అందుకే మన దేశంలో మహాబలేశ్వర్ ఈ పంటకు పేరుపొందింది. మన మన్యంలోని లంబసింగి ప్రాంతంలోనూ దీన్ని పండిస్తున్నారు. మైదాన ప్రాంతాల వారు అక్టోబరు, నవంబరు నెలల్లో నాటుకోవడం మేలు.

మట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్ కలిపిన మిశ్రమం సరిపోతుంది. కుండీ అడుగున నీరు నిలవకూడదు. ఆకులన్నీ పుట్టే మొదలు భాగం మట్టి మట్టానికి సమానంగా ఉండాలి. అది మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది, మరీ పైకి ఉంటే వేళ్లు ఎండిపోతాయి. మొక్క నుంచి సాగే తీగల కణుపులను మరో కుండీలో మట్టికి ఆనిస్తే వేళ్లూని కొత్త మొక్కలవుతాయి. ఎండాకాలంలో మొక్కలను నీడకు మార్చాలి.

స్ట్రాబెర్రీ ఆకుల్లో వగరునిచ్చే టానిన్లు ఉంటాయి. వీటి కషాయాన్ని స్వల్ప విరేచనాలకు, మూత్రం సాఫీగా రావడానికి వాడటం ఐరోపాలో పాత అలవాటు. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా ఈ వాడకాన్ని గుర్తించింది. అయితే ఆ గుర్తింపుకు ఆధారం దీర్ఘకాల అనుభవమే తప్ప రోగులపై జరిపిన పరీక్షలు కావు. కాబట్టి దీన్ని మందుగా కాక, తేలికపాటి పానీయంగా చూడటమే సబబు. పిల్లలకు విరేచనాలైతే ముందు ఇవ్వాల్సింది ఓఆర్ఎస్, కషాయం కాదు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా తాగకూడదు. స్ట్రాబెర్రీ పడనివారు ఆకుకూ దూరంగా ఉండాలి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఆకుల మీద పురుగుమందులు ఉండవచ్చు. ఇంట్లో మందు కొట్టకుండా పెంచిన పిల్లమొక్కల ఆకులనే కషాయానికి కోసుకోవాలి.