మట్టి కాగల సంచి

పిల్లలూ, ఒక ప్లాస్టిక్ దువ్వెనతో పొడిజుట్టును పదిసార్లు దువ్వి, దాన్ని చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గరికి తీసుకుపోండి. ముక్కలు ఎగిరి వచ్చి దువ్వెనను అంటుకుంటాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను ప్రతి సంవత్సరమూ తరగతిలో ఈ వింత చేసి చూపించాను. ఏ ఏడూ పిల్లలకు విసుగు పుట్టలేదు, నాకూ పుట్టలేదు. రాపిడి వల్ల దువ్వెన మీద విద్యుత్తు చేరింది. ప్లాస్టిక్ విద్యుత్తును పారనివ్వదు గనక, పోయే దారి లేక అది అక్కడే నిలిచిపోయింది.

ఈ ఆటలో కాగితం ముక్కలకు వచ్చే నష్టమేమీ లేదు. కాని మొన్న మా మనవడు కంప్యూటరులో బిగించే పలక ఒకటి కొని తెచ్చాడు. అది బూడిదరంగుగా మెరిసే సంచిలో ఉన్నది. "ఈ సంచి ఎందుకు తాతయ్యా? మామూలు సంచి చాలదా?" అని అడిగాడు.

చాలదు. మన వేలి నుంచి చిటుక్కుమని విద్యుత్తు దూకినట్టు మనకు తెలియాలంటే దాదాపు 3,000 వోల్టులుండాలి. ఆ పలక మీది సున్నితమైన భాగాలు కొన్ని 100 వోల్టులకు లోపే చెడిపోతాయి. అంటే, మనకు తెలియకుండానే వాటిని పాడుచెయ్యగలమన్నమాట! అందుచేత, చేరిన విద్యుత్తును మెల్లిగా జార్చివేసే సంచిలో వాటిని పెట్టి పంపుతారు. ఆ సంచి పని ఒక్క ప్రయాణంతో సరి. తరవాత చెత్తలో పడి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

మట్టిలో కలిసే ప్లాస్టిక్కుతో ఆ సంచి చెయ్యరాదా? అలాంటి ప్లాస్టిక్ ఉన్నది. పాలు పెరుగయేటప్పుడు పుట్టే పులుపు లాక్టిక్ ఆమ్లం. మొక్కజొన్న నుంచి తీసిన చక్కెరను సూక్ష్మజీవులకు మేపి ఆ ఆమ్లాన్నే తయారుచేసి, దాని అణువులను గొలుసుగా కలుపుతారు. ఆ గొలుసు పేరు పాలీలాక్టిక్ ఆమ్లం. సుమారు 60 డిగ్రీల వేడి గల పెద్ద ఎరువు కుప్పల్లో ఇది కొద్ది మాసాలలో కుళ్ళిపోతుంది. (పెరటి గుంట చాలదు. ఇలాటి కప్పు నొకదాన్ని మా జామచెట్టు కింద పాతి, ఏడాదికి తవ్వి చూస్తే, కడుక్కుని కాఫీ తాగవచ్చుననిపించింది!) అయితే ఇదీ దువ్వెన లాంటిదే, విద్యుత్తును పోనివ్వదు.

విద్యుత్తును పోనిచ్చే ప్లాస్టిక్ వేరే ఉన్నది. దాని కథ ఒక పొరపాటుతో మొదలయింది. 1967లో టోక్యోలో, షిరకావా అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పాలీఎసిటిలీన్ తయారుచేస్తూ, ఒకరు చర్యను త్వరపెట్టే పదార్థాన్ని వెయ్యిరెట్లు ఎక్కువ వేశారు. నల్లని పొడికి బదులు వెండిలా మెరిసే పొర వచ్చింది. షిరకావా దాన్ని పారవెయ్యక పరిశీలించాడు. తరవాత ఆయన అమెరికా వెళ్ళి, మాక్‌డయర్మిడ్, హీగర్ అనేవారితో కలిసి అలాంటి పొరకు అయొడిన్ ఆవిరి పట్టించాడు. విద్యుత్తును పోనిచ్చే శక్తి కోటి రెట్లు పెరిగింది! బెంచీ నిండా పిల్లలు కూర్చుంటే ఎవరూ జరగలేరు గదా? ఒకరు లేచిపోతే మిగిలినవారు ఒక్కొక్కరే జరగవచ్చు. అయొడిన్ ఆ గొలుసులోంచి కొన్ని ఎలక్ట్రాన్లను లేపేసింది. 1977లో ఈ సంగతి ప్రకటించిన ఆ ముగ్గురికీ 2000లో నోబెల్ బహుమానం వచ్చింది.

పాలీఎసిటిలీన్ గాలి తగిలితే చెడుతుంది. గాలికి ఆగేది పాలీయనిలీన్. దానికి ఆమ్లం తగిలితే ఆకుపచ్చగా ఉండి విద్యుత్తును పోనిస్తుంది. క్షారం తగిలితే నీలమయి మానేస్తుంది.

దీన్ని మన పులుపు ప్లాస్టిక్కులో కలిపితే సరి. కాని ఎంత కలపాలి? కాలవ దాటటానికి, కళ్ళు మూసుకుని నీళ్ళలోకి రాళ్ళు విసురుతున్నారనుకోండి. పది పడ్డా దాటలేరు, ఇరవై పడ్డా దాటలేరు. ఎప్పుడో ఒక రాయి పడేసరికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దారి ఏర్పడుతుంది. ఇక్కడా అంతే. కొంతవరకు ఎంత కలిపినా దాదాపు ఏ మార్పూ ఉండదు. ఒక మేరకు చేరగానే విద్యుత్తుకు దారి పడుతుంది. గుండ్రని రేణువులయితే, లెక్క ప్రకారం, నూటికి సుమారు 16 పాళ్ళు పట్టాలి. రాళ్ళకు బదులు వెదురు బొంగులు విసిరితే? చాలా తక్కువతోనే దారి పడుతుంది. అందుకే పాలీయనిలీన్‌ను సన్నని పోగులుగా తయారుచేసి కలుపుతారు.

అంత పొదుపు ఎందుకంటే, పాలీయనిలీన్ సులభంగా కుళ్ళదు. సంచి మట్టి అయినా ఆ ఆకుపచ్చ పోగులు మిగిలిపోతాయి. పైగా, అసలే పెళుసయిన ఆ ప్లాస్టిక్ ఎక్కువ కలిపితే ఇంకా పెళుసవుతుంది. ఇది సంచి చేసేవాడి బాధ. మొదటిది మన అందరి బాధ. పోగులు మిగిలే సంచిని మట్టిలో కలిసేదని చెప్పి అమ్మటం నాకు సమ్మతం కాదు.

కొందరు రసాయన శాస్త్రజ్ఞులు మరో ఉపాయం పన్నారు. పొడుగాటి పాలీయనిలీన్ గొలుసుకు బదులు, నాలుగైదు లంకెలుండే ముక్కలను లాక్టిక్ ఆమ్లపు గొలుసుల మధ్య అతికిస్తారు. ఆ గొలుసులు తెగినప్పుడు మిగిలేవి ఈ చిన్న ముక్కలే. తెగిన నరం తిరిగి పెరిగేటప్పుడు దానికి ఆసరాగా ఉండి, పని తీరాక ఒంట్లోనే కరిగిపోయే గొట్టాల కోసం కూడా ఇలాంటి పదార్థాలను పరీక్షిస్తున్నారు. పొట్టి ముక్కలు పొడుగు గొలుసంత బాగా విద్యుత్తును పోనివ్వవు. అయితే సంచికి పెద్ద ప్రవాహంతో పని లేదు, మెల్లిగా జారితే చాలు.

మా మనవడి సంచిని మాత్రం నేను పారవెయ్యనివ్వలేదు. పాత పలకను తీసి అందులో పెట్టాం.