రెండోసారి పెట్టిన వేలు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెల నుంచి వచ్చే కోయ మహిళ సిమ్ కొనాలంటే రోడ్డు పక్క గొడుగు కింద కూర్చున్న కుర్రాడి దగ్గరే కొనాలి. ఆధార్ కార్డు చేతికిస్తుంది, యంత్రం మీద బొటనవేలు పెడుతుంది. "పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు" అంటాడు. మళ్లీ పెడుతుంది. నిజంగానే పడి ఉండకపోవచ్చు. తునికాకు కోసి, కట్టలు కట్టి, పారపని చేసిన వేళ్ల గీతలు అరిగిపోతాయి. కానీ మోసగాడైతే ఆ రెండో వేలితో ఆమె పేరునే ఇంకో సిమ్ తీస్తాడు. అది ఎవరి చేతికి పోయి ఎవరిని ముంచినా, పోలీసులు ముందు వెతికేది ఆమెనే.

సమాచార చోరీ అనగానే మనకు హ్యాకర్లు గుర్తొస్తారు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడిన కేసులో అంత విద్యేమీ లేదు. సిమ్‌లు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటిలో ఆధార్ నంబరూ వేలిముద్రలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ ముద్రలకు రబ్బరు స్టాంపు యంత్రంతో నకళ్లు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. పొలం రాయించుకోవడం తప్ప ఆ రైతులు చేసింది ఏమీ లేదు.

ఇలాంటి నకిలీ వేలికి డబ్బు కూడా దొరుకుతుంది. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర ఉపాధి కూలి తీసుకునేటప్పుడు చూడండి: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలు. కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. బ్యాంకు చాలా దూరమున్న గూడేనికి ఇది గొప్ప మేలు, కాదనను. అయితే పిన్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం.

అందుకే ఆధార్ సంస్థ బయోమెట్రిక్ లాక్ పెట్టింది. తాళం వేస్తే మన వేలైనా పనిచేయదు. పట్నంలో ఉన్నవారు తప్పకుండా వేసుకోవాలి. సిగ్నల్ కోసం గుట్టెక్కే చోట మాత్రం రేషన్‌కో కూలికో వెళ్లిన ప్రతిసారీ తాళం తీయడం కష్టం. అక్కడ తేలికైనది టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీ. అందులో ఫోన్ నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ ఇస్తే మన పేరున ఉన్న నంబర్లన్నీ కనబడతాయి. మనది కానిదాన్ని "నాది కాదు" అని అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. మన ప్రాంతంలో ఒకరి పేరున గరిష్ఠంగా 9 సిమ్‌లు ఉండొచ్చు కాబట్టి, ఒకటీ రెండూ వాడే మనిషి పేరు చాటున మరికొన్ని దాక్కునే చోటుంది. డబ్బే పోయిందా, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన సమ్మతి అడిగేవారు ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారో నోటీసులో చెప్పాలంటుంది. తీసుకున్న సమాచారాన్ని భద్రంగా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు అందులో ఉంది. కోయ లేదు. వేలు రెండోసారి ఎందుకు అడుగుతున్నారో ఆమె భాషలో చెప్పే మనిషి ఆ గొడుగు కింద ఉండాలని చట్టం ఇంకా అడగలేదు.