మెక్సికో నుంచి వచ్చిన మన బ్రహ్మకమలం

ఏటా వానలు కుదురుకోగానే పత్రికల జిల్లా పేజీల్లో ఒకే ఫొటో కనిపిస్తుంది. పెద్ద తెల్లటి పువ్వు, చుట్టూ ఇంటిల్లిపాదీ, కింద ‘అరుదైన బ్రహ్మకమలం విరిసింది’ అని ఒక వాక్యం. ఇది హిమాలయాల పువ్వనీ, పన్నెండేళ్లకోసారే పూస్తుందనీ పక్కన మరో రెండు వాక్యాలు. ఆ రెండూ తప్పే. తప్పు వార్త రాయడంతో ఆగిపోతే సరిపెట్టుకోవచ్చు. కానీ దాన్ని నమ్మినవాళ్లు మొక్కను తప్పుగా పెంచుతున్నారు. “నాలుగేళ్లయింది, మొగ్గ లేదు, పన్నెండేళ్లు ఆగాలా?” అని అడుగుతూనే ఉన్నారు. అక్కర్లేదు. అసలు మీ కుండీలో ఉన్నదేమిటో ముందు తేల్చుకుందాం.

నిజమైన బ్రహ్మకమలం పేరు సాసూరియా ఆబ్వల్లాటా. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. దాదాపు 3,700 నుంచి 4,600 మీటర్ల ఎత్తున, చెట్లు కూడా పెరగలేని రాతి వాలుల్లో ఉంటుంది. చలికాలమంతా మంచు కింద నేలలోని దుంప మాత్రమే బతికి ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు లోపు కాడ లేచి పూస్తుంది. మనం రేకులనుకునేవి రేకులు కావు. అవి లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో కాగితంలా పలచగా ఉండే పుష్పపుచ్ఛాలు. వాటి మధ్య ఊదారంగు పూగుత్తి దాగి ఉంటుంది. వెలుతురు లోపలికి వస్తుంది, చలిగాలి రాదు. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు దీని కుటుంబం. కేదార్‌నాథ్, బదరీనాథ్‌లలో దేవుడికి పెట్టేది ఈ పువ్వునే. హైదరాబాదు ఎండకు గానీ విజయవాడ ఉక్కకు గానీ ఇది ఒక్క వేసవి కూడా నిలవదు.

మన ఇళ్లలో ఉన్నది ఎపిఫిల్లం ఆక్సీపెటాలం. అది జెముడు, కాక్టస్. ముళ్లు లేవు కదా అంటారు. ఒక ‘ఆకు’ను చేతిలోకి తీసుకుని అంచు చూడండి. అల అలగా నొక్కులుంటాయి. ప్రతి నొక్కులోనూ చిన్న చుక్కంత మచ్చ ఉంటుంది, లేత రెమ్మల్లోనైతే అక్కడ సన్నని నూగు కూడా దొరకవచ్చు. ముళ్లైనా పూలైనా కొత్త కొమ్మలైనా పుట్టే చోటు అదే. ఆ మచ్చ కాక్టస్ జాతికే ప్రత్యేకం, మరే కుటుంబంలోనూ ఉండదు. ఇప్పుడు మధ్య ఈనెను నొక్కి చూడండి. ముదిరినదైతే పుల్లలా గట్టిగా ఉంటుంది. ఆకు ఈనె అలా చెక్క కట్టదు. మీరు పట్టుకున్నది ఆకే కాదు, బల్లపరుపుగా సాగిన కాండం. ‘ఆకులోంచి పువ్వు పుట్టింది’ అన్న ఆశ్చర్యానికి జవాబు ఇదే. పువ్వు పుట్టింది కొమ్మ నుంచే. ముక్కను పాతిపెడితే మొక్క రావడమూ అందుకే. మందారం కొమ్మ గుచ్చితే వచ్చినట్టే ఇదీ వస్తుంది.

కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలదే. సహజంగా బయట పెరిగేది ఒక్క రిప్సాలిస్ బాక్సిఫెరా, అది ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ ఉంది. మన పొలంగట్ల నాగజెముడు కూడా ఓడలెక్కి వచ్చిందే. మన ఎపిఫిల్లం సొంతూరు దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, ఆ చుట్టుపక్కల అడవులు. కొలంబస్ 1492లో అటు చేరకముందు ఈ మొక్క మన పురాణాల్లోకి వచ్చే దారే లేదు.

వృక్షశాస్త్ర చరిత్రలో నాకు మహా ఇష్టమైన ముచ్చట ఒకటి ఇక్కడే ఉంది. మనం కలగాపులగం చేసిన ఈ రెండు మొక్కలనూ మొదట శాస్త్రీయంగా వర్ణించింది ఒక్కరే, జెనీవాకు చెందిన ఓగస్టిన్ పిరమ్ ద కాండోల్. మెక్సికో జెముడుకు 1828లో తన మహాగ్రంథంలో పేరు పెట్టాడు. హిమాలయ మొక్కను అదే గ్రంథంలో తర్వాత వచ్చిన మరో సంపుటంలో వర్ణించాడు. సాసూరియా అన్న ప్రజాతి పేరు కూడా ఆయన పెట్టిందే, తన ఊరి శాస్త్రవేత్తలైన సాస్యూర్‌ల గౌరవార్థం. ఆయన వేరువేరు కుటుంబాల్లో పెట్టిన మొక్కలను మనం పచ్చి మొక్క ఎదురుగా ఉంచుకుని ఒకటంటున్నాం.

ఇక పెంపకం. జెముడు అనగానే కొందరు ఎడారి మొక్కలా ఇసుకలో పాతి మండుటెండలో పెడతారు. కమలం అనగానే మరికొందరు కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలబెడతారు. రెండు విధాలా మొక్క చిక్కిపోతుంది. ఇది వానలు బాగా పడే అడవిలో చెట్టు కొమ్మల మీద బతికే మొక్క. మామిడి మీద పెరిగే బదనికలా దోచుకునేది కాదు. మేడమీద గదిలో అద్దెకున్నవాడిలాంటిది. బదనిక ఇంటివాళ్ల వంటింట్లోనే తింటుంది, చెట్టు రసం పీలుస్తుంది. ఈ అద్దెమనిషి పొయ్యి వేరు. కొమ్మల సందులో చేరిన చివికిన ఆకు, పక్షి రెట్ట, వాననీళ్లు, అదే తిండి. గది చిన్నది, సామాను తక్కువ, గాలి ధారాళం. పై అంతస్తుల నీడ కాస్త పడుతుంది. పొద్దున ఎండ కిటికీలోంచి వచ్చిపోతుంది. మన తూర్పు కనుమల్లో మామిళ్లూ ఇప్పచెట్లూ పట్టుకుని ఉండే వాండా టెస్సెల్లాటా ఆర్కిడ్ కూడా ఇదే తరహా అద్దెమనిషి. దాని వేళ్లు గాలిలో వేలాడటం చూసినవాళ్లకు ఎపిఫిల్లానికి ఏం కావాలో చెప్పనక్కర్లేదు.

కాబట్టి పెద్ద డ్రమ్ము వద్దు, ఇరుకు కుండీ చాలు. బంకమట్టి అసలే వద్దు. చివికిన ఆకుమన్ను, కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు, కాస్త ముతక ఇసుక, ఓ గుప్పెడు వర్మీకంపోస్టు కలపండి. పొద్దుటి ఎండ తగిలే తూర్పు గోడ మంచిది. ఏప్రిల్, మే నెలల్లో గ్రీన్ నెట్ కింద ఉంచాలి, లేకపోతే రెమ్మలు ఎర్రబడి మాడతాయి. పైమన్ను ఆరాకే నీళ్లు. చలికాలంలో ఇంకా తగ్గించాలి. పిండినల్లి పడితే వేపనూనె.

పూయకపోవడానికి సాధారణంగా కనిపించే కారణాలు మూడు. నీడ ఎక్కువ కావడం ఒకటి. యూరియా, పచ్చిపేడ నీళ్లు పోసి పచ్చదనం పెంచుకోవడం మరొకటి, దానికి బదులు ఎముకల పొడి వేయండి. అన్నిటికన్నా పెద్దది కత్తిరింపు. మొగ్గలు వచ్చేది ముదిరిన బల్లపరుపు రెమ్మల అంచుల నుంచే. అవి వికారంగా ఉన్నాయని కోసేస్తే ఆ ఏటి పూలన్నీ కోసేసినట్టే. బాగా చూసుకున్న మొక్క రెండు మూడేళ్లకే మొదలుపెట్టి, ఒకే వానాకాలంలో రెండు మూడు విడతలు పూస్తుంది.

రాత్రే ఎందుకు పూస్తుంది? చీకట్లో తిరిగే హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మటల కోసం. తెలుపు వాటికి దూరం నుంచి కనిపిస్తుంది, పరిమళం దారి చూపుతుంది, తేనె పొడుగాటి గొట్టం అడుగున ఉంటుంది. మన వీధుల్లోని ఆకాశమల్లెదీ, మన పారిజాతానిదీ ఇదే పద్ధతి. ఎనిమిదింటికి విచ్చుకోవడం మొదలై నడిరాత్రికి పూర్తిగా తెరుచుకుంటుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. లోపల శేషశయ్య కనిపిస్తుందంటారు. అక్కడున్నవి ఒంగిన కేసరాలు, వాటి మధ్య నక్షత్రంలా చీలిన కీలాగ్రం. ‘రాత్రిపూట ప్రాణవాయువు ఇస్తుంది’ అన్నది ఇంకో పుకారు. వెలుతురు లేనిదే ఏ మొక్కా ఆక్సిజన్ విడుదల చేయదు. పూసిన ఇంట కోరిక తీరుతుందని ఆశపెట్టడం మాత్రం నన్ను నిజంగా బాధిస్తుంది. మొక్క పూయని ఇంటి ఇల్లాలు తనలో ఏ లోపముందోనని కుమిలిపోవడం నేను చూశాను. లోపం కుండీలో ఉంది, ఆమెలో కాదు.

నర్సరీలో కొనేటప్పుడు జాగ్రత్త. ‘ఎర్ర బ్రహ్మకమలం’ అని అమ్మేది సాధారణంగా డిసోకాక్టస్ సంకరం. అది పగలే పూసి కొన్ని రోజులు నిలుస్తుంది. రంపంలా లోతుగా కోసుకుపోయిన రెమ్మలుంటే అది ఇంకో జాతి. మూడంచుల కాండం, చిన్న ముళ్లు ఉంటే తెలంగాణలో, రాయలసీమలో రైతులు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్. ఎపిఫిల్లానికి దగ్గరి బంధువు కాబట్టే దాని పువ్వూ అచ్చం ఇలాగే ఉంటుంది. ‘హిమాలయ బ్రహ్మకమలం విత్తనాలు’ అని ఎవరైనా ఆన్‌లైన్లో అమ్మితే డబ్బు పెట్టకండి. తెలిసినవాళ్లింట జానెడు ముదురు రెమ్మ అడిగి తెచ్చుకోండి. కోత నీడలో మూడు నాలుగు రోజులు ఆరాక, తలకిందులు కాకుండా రెండంగుళాల లోతున గుచ్చితే చాలు.