ఎర్ర ఇటుకల ఊళ్ళో ఒక పూట

న్యూ ఇంగ్లండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది అక్టోబరు నెల, ఆకుల రంగులు. కారు నిండా పులిహోర డబ్బాలు సర్దుకుని వెళ్ళి, ఎర్రటి మేపుల్ చెట్ల ముందు వరసగా నిలబడి ఫొటోలు తీయించుకుని తిరిగొస్తాం. కొన్నేళ్ళ క్రితం మేమూ అలాగే బయల్దేరాం. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ కూడా మాతో ఉంది. తిరుగు ప్రయాణంలో బోస్టన్‌కి ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న లోవెల్ అనే పాత మిల్లుల ఊళ్ళో ఒక పూట ఆగాం. ఆగుదామన్నది నేనే. కెమెరా పిచ్చి ఉన్నవాడికి నది, కాలువలు, ఎర్ర ఇటుకల మేడలు ఒకేచోట దొరికితే ఇంకేం కావాలి?

ఊరు నిజంగానే అందంగా ఉంటుంది. మెర్రిమాక్ నది ఒడ్డున ఐదారు అంతస్తుల మిల్లులు బారులు తీరి నిలబడి ఉంటాయి. వాటికి లెక్కలేనన్ని కిటికీలు. ఊరి మధ్యనుంచి రాతిగోడల కాలువలు పోతాయి. అన్నీ కలిపితే ఐదున్నర మైళ్ళ పైమాటే. నీళ్ళు కదలనప్పుడు మిల్లు మొత్తం తలకిందులుగా కాలువలో కనిపిస్తుంది.

కెమెరా పట్టుకుని వెళ్ళేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. బూట్ మిల్లులు నదికి దక్షిణపు ఒడ్డున ఉన్నాయి. అందరూ చేసినట్టే నేనూ అవతలి గట్టు మీద నిలబడి, మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీశాను. అక్టోబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కదా! వెలుతురంతా మిల్లుల వెనకనుంచి వచ్చి, ఫొటోలో గోడలు నల్లగా బొగ్గుముద్దల్లా పడ్డాయి. సాయంత్రం ఎండ పక్కవాటుగా తగిలేటప్పుడు తీస్తే ఇటుక నిగనిగలాడుతుంది. మధ్యాహ్నమే తీయాలనుకుంటే గంట గోపురం ఉన్న లోపలి ఆవరణలోకి వెళ్ళడం మంచిది. అక్కడికి ఎండ చక్కగా వస్తుంది.

ఇలా నేను అటూ ఇటూ పరుగులు పెడుతుంటే, అమ్మ ఒక బెంచీ మీద కూర్చుని, "ఇంత పెద్ద ఇళ్ళు ఎవరివిరా?" అని అడిగింది.

"ఇళ్ళు కాదమ్మా, బట్టల మిల్లులు" అన్నాను.

"బట్టలా?" అని లేచి నిలబడింది. అక్కణ్ణుంచి మా ప్రయాణం దారి మారింది.

అమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లెటూరు. మా తాతగారు గుంటమగ్గం మీద చీరలు, పంచెలు నేసేవారు. అమ్మకి ఏడో ఏటి నుంచే రాట్నం మీద కండెలు చుట్టడం పని. ఆ సంగతి నాకు తెలుసు, కానీ లోవెల్ వెళ్ళేటప్పుడు తట్టనే లేదు. నాకు తట్టిందల్లా ఎర్ర ఇటుకలు, నీళ్ళలో నీడలు!

ఊరి కథ క్లుప్తంగా చెబుతాను. ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే బోస్టన్ వ్యాపారి 1810లో ఇంగ్లండు వెళ్ళి రెండేళ్ళు ఉన్నాడు. మరమగ్గాల రహస్యం బయటికి పోకుండా ఇంగ్లీషువాళ్ళు కట్టుదిట్టంగా కాపాడుకునే రోజులవి. ఆయన మిల్లులు చూసి, యంత్రాల తీరు బుర్రలో పెట్టుకుని వచ్చాడు. పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో మగ్గం తయారు చేయించి, వాల్తామ్ అనే ఊళ్ళో మిల్లు పెట్టాడు. పత్తి వడకడం నుంచి బట్ట నేయడం దాకా అన్నీ ఒకే కప్పు కింద జరిగే మిల్లు అది. 1817లో తన నలభై రెండో ఏట ఆయన పోయాడు. తర్వాత ఆయన భాగస్వాములు ఇంకా పెద్ద నీటి బలం కోసం వెతికి, మెర్రిమాక్ నది ముప్పై రెండు అడుగులు దిగే పాటకెట్ జలపాతం దగ్గర కొత్త మిల్లులు కట్టారు. 1826లో ఆ ఊరికి ఆయన పేరే పెట్టారు. తన పేరున్న ఊరిని ఆయన చూడనేలేదన్నమాట.

కాలువలు తవ్వింది ఐరిష్ కూలీలు. మగ్గాల దగ్గర నిలబడింది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతుల ఆడపిల్లలు. కంపెనీ బోర్డింగు ఇళ్ళలో ఉంటూ, తెల్లవారుజామున గంట కొడితే లేచి, రోజుకి పన్నెండు పదమూడు గంటలు పనిచేసేవారు. దారం తెగకుండా గదిలో తేమ నిలవాలని కిటికీలు మూసి ఉంచేవారు. గాలి నిండా దూది నూగు. అయినా ఆ పిల్లలు రాత్రిళ్ళు చదువుకున్నారు, తమ రాతలతో ఒక పత్రిక కూడా నడిపారు. 1834లో కూలి తగ్గిస్తామంటే పని ఆపి వీధిలోకి వచ్చారు. 1836లో మళ్ళీ వచ్చారు. తర్వాత వాళ్ళ స్థానంలో ఫ్రెంచి కెనడా వాళ్ళు, గ్రీకులు, పోలండు వాళ్ళు, పోర్చుగీసులు వచ్చారు. బూట్ మిల్లు 1950ల మధ్యలో మూతపడింది. 1978లో అమెరికా ప్రభుత్వం లోవెల్‌లో జాతీయ చారిత్రక పార్కు ఏర్పాటు చేసింది.

ఆ పార్కు మ్యూజియంలో ఒక నేత గది ఉంది. ఎనభై ఎనిమిది మగ్గాలు వరసల్లో నిలబెట్టారు. మేం వెళ్ళిన రోజు వాటిలో కొన్నింటినే నడిపారు. ఆ కొన్నింటికే నేల అదిరింది. చెవుల్లో పెట్టుకోడానికి ఇచ్చిన బిళ్ళలు పెట్టుకున్నా పక్కవాడి మాట వినపడలేదు. మా అబ్బాయి చెవులు గట్టిగా మూసుకుని బయటికి పరిగెత్తాడు. అమ్మ మాత్రం కదలకుండా నిలబడి నాడె వంకే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. బయటికి వచ్చాక అడిగితే, "ఏం లేదురా, పోట్లు లెక్కపెడుతున్నాను. మా నాన్న దానికి సగం కూడా వేయలేడు" అంది.

అద్దాల పెట్టెలో పాత నాడె ఒకటి ఉంది. పక్కన చిన్న రంధ్రం. కండె మార్చినప్పుడల్లా ఆ రంధ్రానికి నోరు పెట్టి, దారం కొసని పీల్చి బయటికి లాగేవారట. ఒకే నాడె నలుగురి నోళ్ళూ మారితే రోగాలు అంటుకుంటాయని భయపడి, ఇంగ్లీషులో దానికి 'మృత్యుచుంబనం' అని పేరు పెట్టారు. నేను చదివి చెప్పబోతుంటే అమ్మ ముందే అంది: "నాన్నా అలాగే పీల్చేవాడు. చివరి రోజుల్లో ఆయనకి దగ్గు తగ్గనేలేదు."

ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. అమెరికా వ్యాపారుల ఓడలు 1780ల నుంచే మన దేశపు నూలుబట్టలు తెచ్చి ఇక్కడ అమ్మేవి. 1816లో అమెరికా కాంగ్రెసు సుంకాల చట్టం చేసింది. నూలుబట్ట మీద పాతిక శాతం సుంకం, అయితే అందులో ఒక మెలిక ఉంది. బట్ట ఎంత చవకదైనా సరే, చదరపు గజం 25 సెంట్లన్నట్టే లెక్కగడతారు. అంటే గజం ఎనిమిది సెంట్ల బట్ట అనుకోండి, దాని మీద ఆరుంపావు సెంట్ల సుంకం! ఖరీదైన ఇంగ్లీషు బట్టలకి ఈ మెలిక తగల్లేదు. చవకగా అమ్మే ఇండియా ముతకబట్టలకే తగిలింది. ఆ చట్టం కోసం వాషింగ్టన్ వెళ్ళి మంతనాలు సాగించినవాళ్ళలో ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ ఒకడు.

ఇక్కడికి వచ్చిన ముతకబట్టల్లో ఎక్కువ భాగం కలకత్తా రేవునుంచి వచ్చినవే కాబట్టి, ఆ దెబ్బ ముందుగా తగిలింది బెంగాలు నేతగాళ్ళకి. మనవాళ్ళని ఎక్కువగా దెబ్బతీసింది లాంకషైర్ మిల్లులు. అమ్మ ఊరికి దగ్గర్లోనే మాధవాయిపాలెం ఉంది. ఈస్టిండియా కంపెనీకి అక్కడ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే మిల్లు కాదు, నేతగాళ్ళకి బయానా ఇచ్చి బట్ట కొనుగోలు చేసే కొట్టు. ఆ ఊరి పేరుమీద 'మడపొల్లం' అనే నూలుబట్ట పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే ఆగిపోయింది. ఆ పేరు మాత్రం మిగిలింది.

లోవెల్ మిల్లులకి పత్తి దక్షిణ రాష్ట్రాల తోటల్లో నల్లజాతి బానిసలు ఏరినది. ఇక్కడ నేసిన ముతకగుడ్డలో కొంత మళ్ళీ ఆ బానిసల ఒంటిమీదకే పోయేది. ఆ గుడ్డని 'లోవెల్' అనే పిలిచేవారు. నది ఒడ్డున నిలబడి తీసిన ఫొటోల్లో ఇవేమీ పడవు.

ఆ ఊళ్ళోనే పుట్టినదొకటి మన ఊళ్ళకీ చేరిందని కూడా చెప్పాలి. కాలువల ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్ 1840ల చివర్లో అక్కడ ప్రయోగాలు చేసి మెరుగుపరచిన నీటి చక్రమే ఫ్రాన్సిస్ టర్బైన్. శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో కృష్ణనీటితో తిరిగి కరెంటు ఇస్తున్నవి ఆ జాతివే.

ఆ పూట మొత్తం నూటముప్పై ఫొటోలు తీశాను. కాలువలో నీడలు, గంట గోపురం, ఎర్రగోడకి అల్లుకున్న తీగ, అన్నీ బాగానే వచ్చాయి. స్నేహితులు మెచ్చుకున్నారు. నేత గదిలో తీసింది ఒకటే. చీకటిగా ఉందని షట్టర్ నెమ్మదిగా పెట్టాను. దాంతో మగ్గం, నాడె, పట్టీలు అన్నీ చెదిరిపోయి పొగలా పడ్డాయి. కదలకుండా నిలబడింది గనక అమ్మ ఒక్కతే స్పష్టంగా వచ్చింది. పారేద్దామనుకున్న ఆ ఫొటోనే అమ్మ అడిగి తీసుకుని ఇండియా పట్టుకెళ్ళింది. తాతగారి పటం పక్కన పెట్టిందట. ఎవరైనా అడిగితే, "అమెరికాలో మా నాన్న పనిచేసేలాంటి చోటు" అని చెబుతుందట.

ఈ అక్టోబరులో ఆకులు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఒక పూట లోవెల్‌కి కేటాయించండి. ఇంట్లో మగ్గం ఎరిగిన పెద్దవాళ్ళుంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. కాసేపు కెమెరా సంచిలో పెట్టేసి, వాళ్ళు చెప్పేది వినండి. సాయంత్రం ఎండ వచ్చేదాకా ఫొటోలకి ఎలాగూ తొందర లేదు.