ఛాతీలో పట్టిన కఫం ఎందుకు వదలదు?

జ్వరం మూడు రోజుల్లో పోతుంది, జలుబు వారంలో తగ్గుతుంది. ఛాతీలో గరగరలాడే కఫం మాత్రం మూడు వారాలైనా కదలదు. దగ్గి దగ్గి ఆయాసం వచ్చినా తెమడ గొంతు దాకా వచ్చి మళ్లీ వెనక్కి జారినట్టుంటుంది. చాలామంది కఫాన్నే రోగం అనుకుంటారు. నిజానికి అది ఊపిరితిత్తులను శుభ్రం చేసే ఏర్పాటు. చిక్కంతా అది కదలకుండా ఆగిపోయినప్పుడే.

శ్వాసనాళాల లోపలి గోడ మీద ఎప్పుడూ పలుచని జిగురు పొర ఉంటుంది. పీల్చిన దుమ్ము, మసి, సూక్ష్మజీవులు దానికి అంటుకుంటాయి. గోడ కణాల మీద శైలికలనే సన్నని నూగు, ఒక్కో కణానికి సుమారు 200 చొప్పున ఉంటుంది. సెకనుకు పదిసార్లకు పైగా కొట్టుకుంటూ, గాలికి వరిచేను ఊగినట్టు అలలుగా కదిలి, ఆ పొరను గొంతు వైపు నెడుతుంది. అక్కడికి చేరినదాన్ని మనిషి తనకు తెలియకుండానే మింగేస్తాడు.

ఈ జిగురులో 95 శాతానికి పైగా నీరే. నీటి వాటా కాస్త తగ్గినా మ్యూసిన్లనే ప్రోటీన్లు చిక్కబడి, పొర గోడకు అతుక్కుంటుంది. వైరస్ సోకితే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి: కఫం ఎక్కువ ఊరుతుంది, దాన్ని నెట్టాల్సిన శైలికలు దెబ్బతింటాయి. అవి కోలుకోవడానికి వారాలు పడుతుంది. జలుబు పోయినా కఫం మిగలడం అందుకే.

బీడీ, సిగరెట్ పొగ శైలికలను మందగింపజేస్తుంది. కట్టెలు, పిడకల పొయ్యి ముందు ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవాళ్ల ఊపిరితిత్తులకూ ముప్పు తప్పదు. ఏడాదికి మూడు నెలల చొప్పున వరుసగా రెండేళ్లు కఫంతో దగ్గు ఉంటే దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. పొగ మానేసిన కొత్తలో కొందరికి దగ్గు పెరుగుతుంది. శైలికలు మళ్లీ పనిలోకి దిగడం దీనికి ఒక కారణం. భయపడి మళ్లీ బీడీ ముట్టించనక్కర్లేదు. ఉబ్బసం, సైనస్ జబ్బులు కూడా కఫాన్ని సాగదీస్తాయి.

తెమడ పచ్చగా ఉందని యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు ఒకటుంది. ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. వైరస్ జబ్బులోనూ అది కనిపిస్తుంది, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పాలు తాగితే కఫం పెరుగుతుందన్న నమ్మకాన్ని 1990లో ఆస్ట్రేలియా పరిశోధకులు జలుబు వైరస్ సోకించిన వాలంటీర్లలో పరీక్షించారు. పాలకూ కఫం పరిమాణానికీ సంబంధం కనిపించలేదు.

మరి ఉపశమనం? ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. గోరువెచ్చని ద్రవాలు గొంతుకు హాయినిస్తాయి. తేనె దగ్గును కొంత తగ్గిస్తుంది, కానీ ఏడాది లోపు పిల్లలకు పెట్టకూడదు. ఆవిరితో హాయిగా ఉంటుంది గానీ, మరిగే నీటి గిన్నె పిల్లల దగ్గర ప్రమాదం. ఫిజియోథెరపిస్టులు నేర్పే చిట్కా ఇంతకన్నా మేలు. నిటారుగా కూర్చుని, ఊపిరి పీల్చి రెండు మూడు సెకన్లు ఆపి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించేలా 'హా' అని బలంగా వదలాలి. రెండు మూడుసార్లు అలా చేసి, అప్పుడు ఒక్కసారి దగ్గాలి. నాళాలు ముడుచుకోకుండా కఫం పైకి జరుగుతుంది.

మన పెరటి అడ్డసరం ఆకుకూ ఇందులో వాటా ఉంది. అందులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. ఆంబ్రోక్సాల్ దాని నుంచి వచ్చిందే. ఇవి కఫాన్ని పలచబరుస్తాయి గానీ అద్భుతాలు చేయవు. కఫం ఊరుతున్నప్పుడు దగ్గును అణిచేసే సిరప్ తాగితే కఫం లోపలే ఉండిపోవచ్చు. చిన్నపిల్లలకు డాక్టరు చెప్పకుండా ఏ దగ్గు మందూ పట్టకూడదు.

తెమడలో రక్తం, ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని జ్వరం ఉంటే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. దానికి ఉమ్మి పనికిరాదు. పొద్దున్నే నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీ లోతు నుంచి దగ్గి తీసిన తెమడనే డబ్బాలో ఇవ్వాలి.